వదలుకొన్నవాటి లెక్క

గత సంవత్సరము నవంబరు మాసములో ఏలూరులోని ఒక పాఠశాలవారు తమ విద్యార్థులకు వ్యాసరచన పోటీ పెట్టి, ఆ వ్యాసములను దిద్దిపెట్టుమని నన్ను కోరిరి. విషయము భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి జీవితము. నలువదికి పైగా కాగితములు వచ్చినవి. రెండు రాత్రులు కూర్చుండి చదివితిని. అన్నిటిలోను ఒకే జీవితము, ఒకే వరుసలో నడచినది: 1880 నవంబరు 24న గుండుగొలనులో జననము, మదరాసులో వైద్యవిద్య, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపన, 1948లో కాంగ్రెసు అధ్యక్షపదవి, 1952 మొదలు మధ్యప్రదేశ్ గవర్నరు పదవి, 1959 డిసెంబరు 17న మరణము. తేదీలలో తప్పు లేదు. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద వ్రాసియిచ్చినదానిని పిల్లలు శ్రద్ధగా దింపుకొన్నారు. ఆ కట్ట అడుగున ఎనిమిదవ తరగతి బాలిక కాగితము ఒకటి ఉండెను. ఆమెయు ఆ తేదీలనే వ్రాసినది గాని, 1939 కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాస్ చంద్రబోసుగారి చేతిలో పట్టాభిగారు ఓడిపోయిరన్న వాక్యము తరువాత ఒక పంక్తి వదలి, పెన్సిలుతో ఇట్లు వ్రాసినది: "ఓడిపోయాక ఆయన ఏం చేశారు? మా పుస్తకంలో లేదు."

ఆ కాగితమును చేతపట్టుకొని చాలసేపు కూర్చుంటిని. బాల్యమునుండి మహాపురుషుల జీవితచరిత్రలు చదివినవాడను, చదివినవాటిని గురించి సభలలో మాటలాడినవాడను. ఆ పసిపిల్లకు తోచిన ప్రశ్న నాకెన్నడును తోచలేదు. మనము పిల్లలకు చెప్పుచున్న మహనీయుల చరిత్రలన్నియు వారు పొందినవాటి పట్టికలు: పట్టములు, పదవులు, బిరుదములు, కడపట విగ్రహములు. శీలము ఆ పట్టికలో కానరాదు. పదవిలో ఉన్నంతకాలము మనిషి ఎట్టివాడో తెలియుట కష్టము. ఏలయన ఆ పదవియే అతనికి బదులు మాటలాడుచుండును. చేతిలోనిది జారిపోయినపుడు, లేక తానే చేయి విప్పి దానిని విడిచినపుడు, మరునాటి ప్రొద్దున అతడు ఏ పనికి నిద్ర లేచెనో అది తెలిసికొన్ననాడు ఆ మనిషి మనకు కొంత తెలిసినట్లు. మహనీయుల జీవితములనుండి పిల్లలు నేర్వదగినది వారు వదలుకొన్నవాటి లెక్క యనియు, ఆ లెక్క వ్రాసిపెట్టు ఓపిక మనకు లేకపోవుటచేతనే జయంతులు పూలదండలతో ముగిసిపోవుచున్నవనియు నా నమ్మకము.

ఆ బాలికకు సమాధానము చెప్ప ప్రయత్నింతును. 1939 జనవరి చివర జరిగిన ఆ ఎన్నికకు పట్టాభిగారు తాముగా ఎగబడి నిలిచినవారు కారు. మౌలానా ఆజాద్ తప్పుకొనగా, పెద్దల నిర్ణయముచే పోటీ ఆయన మీద పడినది. బోసుగారికి 1580, ఈయనకు 1377 ఓట్లు వచ్చినవి. ఆ ఓటమి పట్టాభికంటె తనదే యెక్కువ యని గాంధీజీ ప్రకటించిరి. ఆ ప్రకటనను మనమందరము గాంధీజీ వైపునుండియో, బోసుగారి వైపునుండియో చదివినవారమే. ఓడిన మనిషి వైపునుండి చదివినవారు అరుదు. దేశమంతయు చూచుచుండగా ఓడినవానికి తన ఓటమియైనను తనకు మిగులవలెను గదా! ఈయనకు అదియు మిగులలేదు. గెలుపు ఒకరిది, ఓటమి వేరొకరిది. నడుమ ఈ గుండుగొలను మనిషి ఒట్టి పేరుగా నిలిచిపోయెను. చమత్కారమునకును వాడిమాటకును పేరుపడిన అభిమానవంతుడు అలిగి ఇంట కూర్చుండుటకు అంతకంటె పెద్ద కారణము అక్కరలేదు. ఆయన అలుగలేదు. కాంగ్రెసు పనిలో మునుపటివలెనే ఉండెను. 1942 ఆగస్టులో కార్యవర్గముతోబాటు నిర్బంధింపబడి, అహమ్మదునగరు కోటలో దాదాపు మూడేండ్లు గడపెను. అక్కడను ఊరక కూర్చుండక దినచర్య వ్రాసికొనెను. 1948లో మరల పోటీకి నిలిచి, పురుషోత్తమదాస్ టండన్‌గారి మీద గెలిచి, జయపుర మహాసభకు అధ్యక్షత వహించెను. మన పుస్తకములు 1939 నుండి 1948కి ఒక్క గంతు వేయును. ఆ గంతులో దాటిపోయిన తొమ్మిదేండ్లలోనే అమ్మాయి అడిగిన ప్రశ్నకు సమాధానము ఉన్నది.

అంతకు ముందును ఆయన విడిచినవి కలవు. కొల్లేటి చేరువ పల్లెలో, కలిమి లేని ఇంట పుట్టి, పసితనముననే తండ్రిని కోల్పోయి, కష్టపడి వైద్యుడై, బందరులో చేతినిండ సంపాదన గలిగిన తరువాత, నడివయస్సులోనే ఆ వృత్తిని మానుకొని ప్రజాకార్యములలోనికి దిగెను. లేమిని ఎరిగినవాడు కలిమిని విడుచుట వేరు, కలిమిలో పుట్టినవాడు విడుచుట వేరు. ఈ భేదమును మన చరిత్రకారులు గమనింపరు. 1923 నవంబరు 28న లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో ఆయన బందరులో ప్రారంభించిన బ్యాంకునకు తన పేరు పెట్టుకొనలేదు. ఆంధ్రరాష్ట్రము పుట్టుటకు ముప్పదియేండ్ల ముందే దానికి ఆంధ్రుల పేరు పెట్టెను. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమై, ఆ పేరును బోర్డులనుండి తొలగిపోయినది. మా ఏలూరు పరిసరముల రైతులు నేటికిని "ఆంధ్రా బ్యాంకుకెళ్లొస్తా" ననియే అందురు. పాసుపుస్తకము మీద ఏమున్నను వారి నోటినుండి ఆ పేరు పోలేదు.

ఇంత చెప్పి, ఆయనపై వచ్చిన నిందను దాచినచో అది ఆ బాలికకు నేను చేసిన మోసమగును. జయపుర సభ నియమించిన నెహ్రూ, వల్లభభాయి, పట్టాభి త్రయ సంఘము 1949లో, మదరాసు నగరముపై హక్కును ఆంధ్రులు వదలుకొన్నచో ఆంధ్రరాష్ట్రము ఏర్పరుపవచ్చునని నివేదించినది. ఆంధ్రోద్యమపు తొలినాళ్లనుండి దాని పక్షమున గొంతెత్తిన మనిషియే ఆ నివేదికపై చేవ్రాలు చేయుట తెలుగువారికి గుండెకోతయైనది. 1952లో పొట్టి శ్రీరాములుగారు ప్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1న రాష్ట్రము వచ్చినది, మదరాసు రాలేదు. పట్టాభిగారిది దూరదృష్టియో, ఢిల్లీ పెద్దల ఎదుట మెత్తబడుటయో, నేనిప్పటికిని తేల్చుకొనలేదు. స్వజనుల ప్రేమను పోగొట్టుకొనుటకు సిద్ధపడి చేసిన పని యని మాత్రము తెలియును.

మా ఊరిలో కృష్ణా కాలువయు గోదావరి కాలువయు కలిసికొనును. అట్లే 1945లో వెలసిన మా కళాశాల పేరులో ఒక చిత్తూరు సీమవాడు మా గోదావరి సీమవారితో కలిసినాడు. సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల యన్న బోర్డు క్రింద దినమును రాకపోకలు సాగించు యువకులలో, కట్టమంచి రామలింగారెడ్డిగారు విడిచినదేమో చెప్పగలవారు ఎందరు? 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఆయన ప్రథమ ఉపాధ్యక్షుడు. ఆ సంస్థకు పురుడుపోసి, దాని పోషణకై ప్రభుత్వముతో పోరాడి, దానిని విశాఖపట్టణమునకు చేర్చినవాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. ప్రభుత్వము దేశమంతట లాఠీలు ఝళిపించినది. ఆ లాఠీలు రెడ్డిగారి వీపున పడలేదు. ఆయనను రాజీనామా చేయుమని అడిగినవారు లేరు. కన్నబిడ్డవంటి విశ్వవిద్యాలయమును, దాని అధికారమును, దానితో వచ్చు గౌరవమును, ఆ దమననీతికి నిరసనగా ఆయన వదలుకొనెను. రాధాకృష్ణపండితుడు ఆ పీఠమున కూర్చుండి దానిని గొప్పగా నడపెను; 1936లో రెడ్డిగారు మరల వచ్చి 1949 వరకు ఉండిరి.

అయితే 1942లో, దేశమంతయు 'క్విట్ ఇండియా' యని నినదించిన యేటనే, ఆ ప్రభుత్వమే ఇచ్చిన 'సర్' బిరుదమును ఆయన స్వీకరించెను. కళాశాల పేరులో మొదటి మాట అదియే. 1930లోని త్యాగమును, 1942లోని స్వీకారమును, రెండింటిని పిల్లల ముందు పెట్టవలెనని నేనందును. ఒకటి మరొకదానిని చెరపివేయదు. ఒకనాడు నిలబడినవాడు మరియొకనాడు వంగవచ్చును. మనిషి ప్రతి దినము తన శీలమును క్రొత్తగా సంపాదించుకొనవలసినదే. ఆయన విద్యార్థిదశలో, ఇరువదియేండ్లు నిండకముందే, 1899లో వ్రాసిన 'ముసలమ్మ మరణము' కావ్యమున నాయిక రాణి కాదు, సేనాని కాదు. తెగనున్న చెరువు గట్టు నిలుచుటకు తన ప్రాణమిచ్చిన అనంతపురపు పల్లె కోడలు. మహనీయత ఎక్కడ ఉండునో ఆ యువకునకు అప్పటికే తెలియునని నాకు తోచును.

తప్పులు చెప్పినచో పిల్లలకు భక్తి చెడునని మిత్రులు కొందరు నాతో వాదించిరి. భక్తిని చెరచునది తప్పులు కావు. కూడళ్లలో విగ్రహములను నిలిపి, ఇతడు మావాడు, అతడు మీవాడు అని కులములవారీగా పంచుకొనుచున్నాము. ఒకరి జయంతికి మరియొక వీధివారు తొంగిచూడరు. ఈ డెల్టాలో నేను కన్నులార చూచిన దుఃఖమిది. దండ వేయుటకు వచ్చినవారిలో ఎవరును ఆ పీఠము మీది వాక్యమును పూర్తిగా చదువుట నేను చూడలేదు. కులమునకు కావలసినది గెలిచిన మనిషి. అతడు వదలుకొన్నదానిలో కులమునకు పాలు లేదు. కనుకనే దానిని ఎవరును అడుగరు.

భీమవరములో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకొన్నపుడు నాకు మా వీధి ముసలమ్మ ఒకరు గుర్తునకు వత్తురు. ఆమెకు బోదకాలు. ప్రతి ఉదయమును అరుగు మీద కూర్చుండి, వాచిన కాలును పీట మీద చాపుకొని, సబ్బునీటితో మెల్లగా కడిగి, వ్రేళ్ల సందులను పాత చీరపేలికతో తడి లేకుండ ఒత్తుకొనెడిది. కొన్నేండ్ల క్రిందట ఒక సాయంకాలము ఆశా కార్యకర్త బోదకాలు మాత్రలు పంచుచు వచ్చి, ఇంటిల్లిపాది చేత తన యెదుటనే మ్రింగించి, వ్రేళ్లకు సిరాగుర్తు పెట్టుచుండెను. "ఇది మీ కాలు తగ్గడానిక్కాదండీ మామ్మగారూ, మీ మనవలకి రాకుండానండి," అని ఆమె చెప్పగా, ముసలమ్మ, "నా చిన్నప్పుడు ఇచ్చినవాళ్లు లేరే తల్లీ," అనెను. ఆ మందును వెలికితీసిన పరిశోధకులకు పెద్ద మన భీమవరము ఆయనయే యని నేను చెప్పితిని. ముసలమ్మ తల యెత్తి చూచి, "భీమవరం ఆయనా? ఎవరి తాలూకు?" అని అడిగెను.

ఎవరి తాలూకని చెప్పుదును? మెట్రిక్యులేషను మూడవసారికి గట్టెక్కినవాడు. మదరాసు వైద్యకళాశాలలో శస్త్రచికిత్సవేళ ఖద్దరు తొడిగినందుకు ఆచార్యుని కోపమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తి పడినవాడు. 1923లో బోస్టను చేరి, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసి చదువుకొన్నవాడు. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరులను కబళించినది. ఆ జాతి వ్యాధులకు అక్కరకు వచ్చు ఫోలిక్ ఆమ్లమును, 1940 తరువాత లెడర్లే పరిశోధనాలయములో ఆయన నడపిన బృందము 1945లో కృత్రిమముగా తయారుచేసినది. పసిపిల్లల రక్తపు క్యాన్సరునకు తొలి మందు, ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవనాశక ఔషధము, మా ముసలమ్మ మనవలు మ్రింగిన డైఇథైల్‌కార్బమజిన్, ఇవి యన్నియు రెండు మూడేండ్లలో ఆ బృందము చేతినుండి వచ్చినవి. ఆరియోమైసిన్‌ను లోకమునకు ప్రకటించిన పత్రము మీద ఆ బృందములోని డగ్గరుగారి పేరే ఉన్నది. పరిశోధనశాఖకు అధిపతియైన సుబ్బారావుగారు దానికి చింతించినట్లు ఎవరును చెప్పలేదు. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్లకే, నిద్రలో కన్నుమూసెను.

ఈ కథను ఇక్కడ ఆపుట మనకు అలవాటు. నేనాపను. ఆయన ఓడ యెక్కునాడు భార్య శేషగిరిగారు ఇక్కడ ఉండిరి. త్వరలో తిరిగివత్తునన్న మాట నిలువలేదు. పుట్టిన బిడ్డ పసితనముననే పోయినాడు. ఇరువదియైదేండ్లు ఆమె ఎదురుచూచెను. కీర్తిని వదలుకొనుట ఆయన వంతు. ఆమె వదలుకొన్నదానిని ఎవరును అడిగి తీసికొనలేదు, ఆమె ఇచ్చితినని చెప్పలేదు. గొప్పవారి జీవితములలో ఇట్టి అప్పులు అనేకము కలవు, వానిని ఇంటిలోని ఆడవారు తీర్చినారు. లెక్క వ్రాయుదుమన్నచో ఈ పద్దును వ్రాయవలెను. లేనియెడల లెక్కయే తప్పు. "ఎవరి తాలూకు" అన్న ప్రశ్నకు, ఆ సాయంకాలము నాకు తోచలేదు గాని, శేషగిరిగారి తాలూకు అని చెప్పియుండవలసినది.

పెద్దపేర్లను చదువుటవలన నాకు కలిగిన మేలు ఒకటి యున్నది: పేరులేనివారిని చూచు చూపు వచ్చినది. మా అమ్మాయి పెండ్లినాటికి ఉల్లిపాయలు కొనుటకై తాడేపల్లిగూడెము మార్కెట్టుకు పోయితిని. కర్నూలునుండి వచ్చిన లోడు దిగినది. హమాలీలు బస్తాలు కాటాకు ఎత్తుచుండిరి. గాలిలో ఉల్లి పొట్టు ఎగురుచుండెను. రైతు పట్టీ తీసికొని, డబ్బు లెక్కపెట్టుకొని, లారీ యెక్కి కూర్చుండెను. గుమాస్తా తన చిట్టాను మరల కూడి చూచుకొని, ఒక్కసారిగా లేచి, చెప్పులైన తొడుగుకొనక లారీ వద్దకు పరుగెత్తెను. ఒక బస్తా తూకము పట్టీలోనికి ఎక్కలేదు. రైతునకు ఆ సంగతి తెలియదు, షావుకారునకు తెలియదు. తిరిగివచ్చి షావుకారుతో తానే చెప్పెను. మార్కెట్టు నడిమధ్య తిట్లు తినెను. మరల కూర్చుండి, చెవిలోని పెన్ను తీసి, తరువాతి లోడు వ్రాయ మొదలిడెను. పట్టాభిగారు 1939లో ఏమి చేసిరని అడిగినచో, నాకు ఇప్పుడు ముందుగా ఆ గుమాస్తా పెన్ను కనబడును.

ఈ యేడు పోటీకి విషయమును నన్నే నిర్ణయింపుమనిరి. "మీ ఇంటిలోగాని, ఊరిలోగాని, ఒకరు తమంతట తాము వదలుకొన్నదానిని గురించి వ్రాయుడు" అంటిని. నల్లబల్ల మీదినుండి దింపుకొనుటకు వీలులేని విషయమగుటచే కాగితములు సగమే వచ్చినవి. తమ్ముని చదువుకై బడి మానిన అక్క, తాగుడు మానిన తండ్రి, వాటా గొడవలో పొలము వదలుకొన్న పెదనాన్న వానిలో నడచివచ్చిరి. కొల్లేటి లంక గ్రామమునుండి వచ్చి ఏలూరులో చదువుకొనుచున్న ఒక బాలుడు తన తాతను గురించి వ్రాసినాడు. అభయారణ్యపు హద్దగు అయిదవ కాంటూరు లోపల ఆ తాతకు చేపలచెరువులో వాటా ఉండెను. 2006లో ప్రభుత్వము గట్లు పగులగొట్టించుటకు యంత్రములను దింపినపుడు ఊరంతయు అడ్డముపోవుటకు సిద్ధమైనది. ఆ ముందురాత్రి తాత పార తీసికొని పోయి, తన గట్టును తానే తెగగొట్టెను. బాలుడు పుట్టకముందటి మాట; తండ్రి నోట విన్నది. "చేపలు పోయాయి. అప్పు ఉంది. మా నాన్న రెండేళ్లు తాతతో మాట్లాడలేదంట," అని వ్రాసి, ఎందుకు చేసెనో వ్రాయలేదు.

ఆ కారణము తెలిసికొనుటకై ఒక ఆదివారము ఆ లంకకు పోయితిని. తాతకు డెబ్బదియేండ్లు దాటినవి. నన్ను తాటిదోనెలో కూర్చుండబెట్టుకొని, గెడ వేయుచు, గుర్రపుడెక్కను ప్రక్కకు నెట్టుచు, కిక్కిస నడుమనుండి తీసికొనిపోయెను. ఆనాడు తెగిన గట్లలో కొన్ని తరువాత మరల లేచినవనియు, తనది లేవలేదనియు చెప్పెను. దూరమున గూడబాతులు నీటి మీద తెల్లగా కూర్చుండియుండెను. గట్టును ఎందుకు తెగగొట్టినావని అడిగితిని. ఆయన గెడను నీటిలో నిలిపి, బుడమేరు వచ్చు వైపునకును, తరువాత ఉప్పుటేరు పోవు వైపునకును చేయి చూపెను.

"మా చిన్నప్పుడు నీళ్లు ఇలా వచ్చి ఇలా పోయేవండి. మా అయ్య ఈ దోవలోనే మావులేసేవోడు. నా గట్టు ఆ దోవకి అడ్డంగా ఉండేదండి, నాకు తెలుసు కదండీ," అని, గెడ పైకి తీసి, దోనెను ముందుకు నెట్టెను.